ఆగ్నేయంలో మోడెమ్, వాయవ్యంలో రౌటర్

మా ఇంట్లో ఏ వస్తువూ తనకు వీలున్న చోట ఉండదు, తనకు కేటాయించిన దిక్కున ఉంటుంది. మడికొండలో ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇంజనీరు గీసిన ప్లానును మా వాస్తు పంతులు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మెట్లు మంచిగనే ఉన్నయి గని, ఈ దిక్కుకు రావాలె" అన్నాడు. మెట్లు ఆ దిక్కుకు వచ్చాయి. వాటికి చోటివ్వడానికి హాలు కుంచించుకుంది. ఇప్పుడు మా హాల్లో సోఫా మీద కూర్చున్నవాళ్లు కాళ్లు చాపితే టీవీకి తగులుతాయి. టీవీ ఇంత దగ్గర కనిపిస్తుంది కాబట్టి పెద్ద టీవీ కొనే పని తప్పిందని, దాన్ని కూడా బాపు, అంటే మా నాన్న, వాస్తు ఖాతాలోనే జమ చేశాడు.

బాపుకు వరంగల్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణం. దుకాణంలో ఆయన చాలా తెలివిగల మనిషి. బిందెను వేలితో కొట్టి, ఆ చప్పుడును బట్టి అది ఎన్నాళ్లు వస్తుందో చెప్తాడు. ఇంటికి వచ్చేసరికి మాత్రం ఆ వేలు ఫోన్లో దిక్సూచి మీదికి పోతుంది. నా డిగ్రీ పరీక్షలప్పుడు తల తూర్పుకు వచ్చేటట్టు నా మంచాన్ని తిప్పించాడు. పాసైన సబ్జెక్టుల ఘనతంతా మంచానికి పోయింది. పోయిన సబ్జెక్టు మాత్రం నా సొంతం.

ఈసారి గొడవ నాది కాదు, అక్కది. అక్కకు హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచే చేయొచ్చు. ఒక్కటే షరతు, ఇంట్లో నెట్టు నిలకడగా ఉండాలి. సోమవారం పొద్దున వాళ్ల మేనేజర్ మేడమ్ వీడియో కాల్ చేసి చూస్తుంది. కాల్ నిలబడితే మడికొండ. నిలబడకపోతే హైదరాబాద్, అంటే మళ్లీ హాస్టల్.

హాస్టల్ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం. అక్క ఇంతకుముందు ఒక ఉద్యోగానికి పోయి అక్కడ ఉండి వచ్చింది. కదిలిస్తే ఉప్మా దగ్గర మొదలై నీళ్ల ట్యాంకు దాకా చెప్తుంది, మేం నవ్వుతాం. ఒకటి మాత్రం ఉంది. అక్కడ జ్వరంతో పడుకున్నప్పుడు గదిలో ఉన్నవాళ్లెవరూ లేచావా, తిన్నావా అని అడగలేదట. ఆ ముక్క వచ్చినప్పుడు అక్క నవ్వదు. నేను కూడా జోకు వెయ్యను, ఇది నాకు కొంచెం కష్టమైన పనే అయినా.

ఫోను నెట్టుతో పని నడిపిద్దామంటే మా ఇంట్లో సిగ్నల్ డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే దొరుకుతుంది. అది కూడా ట్యాంకును ఆనుకుని, మెడ ఒక పక్కకు వంచితే. మేనేజర్ మేడమ్‌కు మెడ వంకరగా కనిపించడం అక్కకు ఇష్టం లేదు. అందుకని కేబుల్ నెట్టు పెట్టిద్దామని తీర్మానం అయింది. తీర్మానం బాపు చేశాడు. కేబుల్ అన్నకు ఫోన్ చేయడం, వెంటపడటం, ట్యాంకు పక్కన నిలబడి ఈ సామాన్ల పేర్లన్నీ చదువుకోవడం నాకు వచ్చాయి.

శనివారం కేబుల్ అన్న భుజానికి తీగ చుట్ట, చెవికి ఫోను తగిలించుకుని వచ్చాడు. ఆయన దృష్టిలో ప్రపంచంలో రెండే వస్తువులు, వైరు, డబ్బా. బాపుకు అది సరిపోదు. దుకాణంలోకి వచ్చే గంటెకు కూడా పేరు, ఊరు, రేకు మందం తెలుసుకునే మనిషి.

"ఇదేంది?" అన్నాడు బాపు.

"డబ్బ," అన్నాడు కేబుల్ అన్న.

"మరి అది?"

"అది గూడ డబ్బనే. రెండో డబ్బ."

నా చదువు బయటికి తీసే సమయం వచ్చిందని నేను మధ్యలోకి దూరాను. స్తంభం మీద నుంచి వచ్చే ఈ లావు నల్ల తీగ కోయాక్సియల్ అని, నడుమ రాగి తీగ, దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్, దాని మీద అల్లిక ఉంటుందని చెప్పాను. కేబుల్ అన్న నన్ను జాలిగా చూసి, "టీవీ వైరు" అన్నాడు. మీటర్ పక్కన గోడకు కొట్టే బుడ్డ ఇనుప ముక్క స్ప్లిటర్. వచ్చిన ఒక్క తీగను అది రెండు చేస్తుంది. ఒకటి టీవీకి, ఒకటి నెట్టుకు.

"అన్నదమ్ముల పంపకం," అన్నాడు కేబుల్ అన్న. బాపు తలూపాడు. ఆ రంగంలో ఆయనకు అనుభవం ఉంది.

నెట్టు తీగ పోయి మొదటి డబ్బాకు తగులుతుంది. అది మోడెమ్. కంపెనీ తీగలో ఏదో భాషలో వచ్చేదాన్ని మన ఇంటి సామాన్లకు పనికొచ్చేటట్టు మార్చి దింపుతుంది. అక్కడి నుంచి ఈథర్నెట్ తీగ రెండో డబ్బాకు పోతుంది. అది రౌటర్. దిగినదాన్ని అక్క ల్యాప్‌టాప్‌కు ఇంత, నా ఫోనుకు ఇంత, టీవీకి ఇంత అని పంచుతుంది. తీగతో పంచొచ్చు, తీగ లేకుండా వైఫైతోనూ పంచొచ్చు. రెంటికీ చెరొక అడాప్టర్, అంటే కరెంటు తినిపించే నల్ల ముద్ద.

బాపు కాసేపు ఆలోచించి, "అంటే మోడెమ్ లారీ దించే కాడ. రౌటర్ కౌంటర్ కాడ" అన్నాడు.

నేను చదివిన పేజీలన్నిటికంటే ఇది బాగుంది. ఒప్పుకోవడం ఇష్టం లేక "దాదాపు" అన్నాను.

ఇంతలో అమ్మ షోకేసు తలుపు తీసి, లేసు గుడ్డ కప్పి ఉన్న పాత లాండ్‌లైన్ ఫోను తెచ్చింది. లైను పీకేసినా ఆ ఫోనును మాత్రం బొమ్మల పక్కన కూర్చోబెట్టింది. "దీనికి గూడ లైను వస్తదన్నరు కద," అంది.

"వస్తది అత్తమ్మ," అన్నాడు కేబుల్ అన్న. "మోడెమ్ ఎనక ఫోను తొర్ర ఉంటది. దాంట్ల గుచ్చుడే."

అమ్మకు తొర్రూరులో చెల్లెలుంది, మాకు పిన్ని. సెల్‌ఫోన్ మాట్లాడాలంటే అమ్మ కూడా డాబా ఎక్కి ట్యాంకుకు ఆనాలి, మోకాళ్ల నొప్పితో అది కాదు. కాబట్టి వాళ్ల మధ్య మాటలు చాలా పేరుకుపోయి ఉన్నాయి.

అంతా అయ్యాక బాపు అసలు ప్రశ్న వేశాడు. "మరి వీటి దిక్కేది?"

"ప్లగ్గు యాడుంటే గదే దిక్కు," అన్నాడు కేబుల్ అన్న.

ఇంత తేలికైన శాస్త్రాన్ని బాపు ఎక్కడా వినలేదు. డాబా మీదికి పోయి వాస్తు పంతులుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, అమ్మను తప్ప మమ్మల్నందరినీ ట్యాంకు చుట్టూ నిలబెట్టాడు.

పంతులు ముందు విషయమంతా ఓపికగా విన్నాడు. "మోడెమ్ అన్నది వేడెక్కుతదా?" అన్నాడు.

"ఎక్కుతది అయ్యగారు," అన్నాడు కేబుల్ అన్న. "మా ఇంట్ల పిల్లి దాని మీదనే పంటది."

"అయితే అగ్ని. ఆగ్నేయంల పెట్టుండ్రి. రెండోది?"

"రౌటర్," అన్నాను. "వైఫై వస్తుంది దాంట్లోంచి."

"ఎట్ల వస్తది?"

"గాలిలో," అన్నాను. అనగానే తెలిసింది, పొరపాటు జరిగిపోయిందని.

"గాలి అంటే వాయువు. వాయవ్యం. ఇంకేం, తెలిసిపాయె."

"గాలి కాదు అయ్యగారు, అవి రేడియో తరంగాలు," అన్నాను.

"తరంగాలు నీళ్లల్ల ఉంటయి. నీళ్లంటే ఈశాన్యం. ఈశాన్యంల మీకు పూజగది ఉన్నది. దేవుని పక్కన పెడ్తవా దాన్ని?"

బాపు నా వైపు చూశాడు. నేను గాలికే ఒప్పుకున్నాను.

ఇక్కడ మా ఇంటి నక్షా కొంచెం తెలియాలి. ఆగ్నేయంలో వంటిల్లు. దాన్ని ఆనుకుని దక్షిణం గోడకు అక్క గది. నైరుతిలో బాపు గది. వాయవ్యంలో అందరి బాత్రూం. అక్క గది గోడకు అవతలే మోడెమ్, బాగానే ఉంది. కాని పంచిపెట్టే రౌటర్ ఇంటికి ఆ చివర, బాత్రూంలో.

"బాత్రూంలనా?" అంది అక్క.

"బాత్రూంల గాదు బిడ్డా, బాత్రూం సజ్జ మీద," అన్నాడు బాపు, చాలా తేడా ఉన్నట్టు.

వంటింటి నుంచి బాత్రూంకు తీగ హాలు నడుమ నుంచి అడ్డంగా పోతే దగ్గర. కాని ఇంటి నడుమ బ్రహ్మస్థానం, అక్కడ తీగ పోవద్దు అన్నాడు పంతులు. తీగ అక్క గది ముందునుంచి, బాపు గదిలోంచి, గోడలన్నీ పట్టుకుని తిరిగి పోవాలి. కేబుల్ అన్న ముఖం మాడిపోయింది. భోజనం టైముకు పని ముగించుకుని పోదామనుకున్నాడు పాపం. ఇది కుదరదు అనబోయి, ఏం గుర్తొచ్చిందో గొంతు మార్చి ఫోను దగ్గరికి జరిగాడు.

"అయ్యగారు, జర నాదొక మాట. ప్లాటు చూస్తాన్న. వీధిపోటు ఉన్నదంటాండ్రు. తీస్కోవచ్చా?"

"ఏ మూలకు?"

అటు తర్వాత మా ఇంటి సంగతి కాసేపు ఆగిపోయింది. పోటు మంచి మూలకే ఉంది, ఫికర్ లేదు అని తేలేసరికి కేబుల్ అన్న పూర్తిగా మారిపోయాడు. "పెద్దమనిషి చెప్పిండంటే దాంట్ల ఏదో ఉంటది," అంటూ గోడ పొడవునా మేకులు కొట్టాడు. బాపు గది తలుపు సందులోంచి తీగ పోవడం వల్ల ఆ తలుపు మూసుకోవడం మానేసింది. ఎవరూ పట్టించుకోలేదు.

సజ్జ మూతి మా బాత్రూం లోపలికి ఉంటుంది. దుకాణంలో సొట్టపడి అమ్ముడుపోని బిందెలు, గుండిగలు, గంగాళాలు అన్నీ ఆ సజ్జ మీదే ఉంటాయి. వాటి నడుమ చోటు చేసి రౌటర్‌ను కూర్చోబెట్టి, గీజరు పక్కన ఉన్న ప్లగ్గులో దాని అడాప్టర్ గుచ్చారు. రెండు కొమ్ములతో, చుట్టూ స్టీలు బిందెలతో, అది ఎవరో వాయనం ఇచ్చి మర్చిపోయిన వస్తువులా ఉంది. మోడెమ్ వంటింటి గట్టు మీద పోపుల డబ్బా పక్కన సర్దుకుంది. అమ్మ రెంటికీ పసుపు కుంకుమ పెట్టింది. మోడెమ్ వెనక తొర్రలో ఫోను గుచ్చగానే పాత టోను వినిపించింది. అమ్మ వెంటనే తొర్రూరు నంబరు నొక్కింది. ఆ సాయంత్రం మేం ఏం తిన్నామో నాకు గుర్తులేదు గాని, ఎవరూ వండలేదని గుర్తుంది.

అక్క తన గదిలో ల్యాప్‌టాప్ తెరిచింది. వైఫై లేదు. మంచం ఎక్కింది, లేదు. కిటికీ దగ్గర నిలబడింది, ఒక గీత వచ్చి ఆమెను చూసి వెళ్లిపోయింది. ఇనుప గోడకు గాలి తరంగం ఏం చేస్తుంది, అన్ని బిందెలు దాటి రావాలి కదా.

"నా తలుపు ముంగటికెళ్లే పోతాంది తీగ," అంది అక్క, గోడకు కొట్టిన మేకుల వరుసను చూస్తూ. "నాకు రాకుంట బాత్రూంకు పోతాంది."

"బిందెలు తీసేద్దాం," అన్నాను.

"యాడ పెడ్తవు? అమ్ముడుపోని సరుకు వాయవ్యంలనే ఉండాలన్నడు పంతులు," అన్నాడు బాపు.

ల్యాప్‌టాప్ పట్టుకుని ఇల్లంతా తిరిగితే తేలిందేమిటంటే, నెట్టు నిండుగా దొరికే చోటు బాత్రూం తలుపు ముందు. అక్కడ వీడియో అద్దంలా వస్తుంది. బాపు తృప్తిగా, "ఒక్క కాల్ కద బిడ్డా. ఆమె నీ మొకం చూస్తది గని నీ ఎనక ఏమున్నదో ఎందుకు చూస్తది" అన్నాడు. అక్క పెట్టెలోంచి మంచి దుప్పటి ఒకటి తీసింది, వెనక కట్టడానికి.

సోమవారం పొద్దున ఏర్పాట్లు పెళ్లిచూపుల స్థాయిలో జరిగాయి. బాత్రూం ముందు కుర్చీ, దాని ముందు స్టూలు, స్టూలు మీద ల్యాప్‌టాప్. వెనక తలుపు కనిపించకుండా నెమలికంఠం రంగు దుప్పటి. దాన్ని పైన తలుపు చట్రానికి మేకులతో కొట్టింది నేనే, కిందికి జారకుండా గట్టిగా. అక్క జుట్టు దువ్వుకుని, గొంతు సవరించుకుని కూర్చుంది. కాల్ కలిసింది. మేడమ్ ముఖం తెర మీదికి వచ్చింది. అప్పుడు దుప్పటి వెనక, లోపల, చెంబు కిందపడిన చప్పుడైంది.

బాపు లోపలే ఉన్నాడు. దుకాణానికి పోవాలని స్నానానికి దూరిన మనిషిని మేం లోపల పెట్టి మేకులు కొట్టేశాం.

"ఏదో సౌండ్ వచ్చింది," అంది మేడమ్.

"పక్కింట్లో అండి," అంది అక్క, కన్ను కూడా ఆర్పకుండా. ఈమెకు ఉద్యోగం ఇవ్వకపోతే కంపెనీకే నష్టమని నాకు అప్పుడే అనిపించింది.

లోపల బాపుకు సంగతి అర్థమైనట్టుంది. నీళ్ల చప్పుడు ఆగింది. రోజూ స్నానం చేస్తూ గట్టిగా చదివే స్తోత్రం ఆ రోజు మొదలే కాలేదు. మేడమ్ అడుగుతోంది, అక్క చెప్తోంది, బాగా నడుస్తోంది. ఇంతలో మేడమ్ నోరు సగం తెరిచి ఆగిపోయింది. కళ్లు కూడా ఆగిపోయాయి. తెర మీద చక్రం తిరగడం మొదలైంది.

"నెట్ పోయింది," అంది అక్క మెల్లగా.

"వైఫై ఫుల్లుగా ఉంది కదా," అన్నాను. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఫుల్లు వైఫై, లేని నెట్టు.

"నేనేం ముట్టుకోలేర," అన్నాడు బాపు దుప్పటి వెనక నుంచి.

"బాపూ, సజ్జ మీద రౌటర్ లైట్లు చూడు. పచ్చగున్నాయా?"

"ఉన్నయి. ఒకటి మాత్రం ఎర్రగైంది."

కౌంటర్ తెరిచే ఉంది, లారీ రాలేదు. తప్పు రౌటర్‌ది కాదు, మోడెమ్‌ది. నేను గోడకున్న తీగ పట్టుకుని పరుగెత్తాను. దగ్గర దారి హాలు నడుమ నుంచే ఉంది గాని, తీగ ఎక్కడైనా ఊడిందేమో చూసుకుంటూ పోవాలి. బాపు గది, అక్క గది, వంటిల్లు. వంటింట్లో అమ్మ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కొంగు పట్టుకుని ఏడుస్తోంది. పక్కన మిక్సీలో పల్లీల చట్నీ.

"ఏమైంది అమ్మా?"

"మీ పిన్ని ఫోను పెట్టేసింది. చీర సంగతి అడిగితే మొకం మీద పెట్టేసింది. ఇన్నేండ్ల తర్వాత మాట్లాడుకుంటే గింత పొగరా దానికి?"

"నువ్వేం చేస్తున్నావు అప్పుడు?"

"ఏం జేస్త? జర ఆగు, చట్నీ పట్టుకోని వస్త అని ఫోను గట్టు మీద పెట్టిన. పట్టి వచ్చి ఎత్తితే సప్పుడు లేదు."

మిక్సీ ఏ ప్లగ్గులో ఉందో చూశాను. మోడెమ్ అడాప్టర్ ఎక్కడుందో చూశాను. అది గట్టు మీద, పల్లీ పొట్టులో, వెల్లకిలా పడి ఉంది.

"దాన్ని తీయొద్దని చెప్పాను కదా."

"డబ్బను ముట్టొద్దన్నవు. నేను ముట్టిన్నా? డబ్బ ఉన్నకాడనే ఉన్నది, బొట్టు గూడ చెదర్లే. ప్లగ్గు తీసిన. ఆగ్నేయంల ఒక్కటే ప్లగ్గు పెట్టిచ్చిండు మీ బాపు."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. మోడెమ్ ఆగితే దాని వెనక గుచ్చిన ఫోను కూడా ఆగుతుందని, పిన్ని అలగలేదని, అలిగింది మోడెమ్ అని చెప్పాను. అమ్మ నమ్మలేదు. మళ్లీ ఫోన్ చేసి చూడమన్నా, "ముందల మీ పిన్నే చెయ్యాలె" అని పట్టుబట్టింది. తర్వాత నేను డాబా ఎక్కి పిన్నికి ఫోన్ చేస్తే, పిన్ని కూడా ఏడుస్తోంది. "మీ అమ్మకు గింత కోపమార? మాట నడుమల కోసేసింది," అంది.

అడాప్టర్ మళ్లీ గుచ్చితే మోడెమ్ లైట్లు ఒక్కొక్కటే, చాలా సావకాశంగా వెలిగాయి. ఆఖరి లైటు వెలిగేసరికి మేడమ్ కాల్‌లో లేదు. మెసేజ్ పెట్టింది. సాయంత్రం ఇంకోసారి చేస్తుందట. అప్పుడు కూడా ఆగితే వచ్చే వారం హైదరాబాద్ వచ్చేయమంది.

అక్క ఆ మెసేజ్ మాకు చదివి వినిపించి, లేచి తన గదిలోకి పోయింది. నేను మేకులు పీకి బాపును బయటికి తీశాను. ఒంటి మీద నీళ్లు వాటంతట అవే ఆరిపోయి ఉన్నాయి. తువ్వాలతో ఆయన అలాగే అక్క గది గుమ్మం దాకా పోయాడు. లోపల అక్క సూట్‌కేసు తెరిచి, బట్టలు మడతపెడుతోంది.

"గిదేంది బిడ్డా, ఇంక సాయంత్రం ఉన్నది కద."

"ఎట్లయిన పోవుడే కద బాపూ. సదురుకుంటే ఒక పని అయిపోతది."

కోపంగా అనలేదు. అదే ఇబ్బంది. కోపంగా అంటే బాపు కూడా కోపంగా ఏదో అనేవాడు, అయిపోయేది. అక్క మందుల డబ్బా తీసి, జ్వరం గోళీలు ఉన్నాయా లేవా అని చూసుకుని, సూట్‌కేసులో ఒక మూలకు పెట్టింది. బాపు ఆ డబ్బా వైపు చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆ రోజు బాపు దుకాణానికి పోలేదు. మా బాపు దుకాణానికి పోకపోవడమంటే ఊళ్లో ఏదో పెద్దది జరిగి ఉండాలి. హాల్లో కూర్చుని చాలాసేపు గోడకున్న తీగను చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఆ రెండు డబ్బలు కలిసి చేసే పనేందిర? తరంగాలు గిరంగాలు వద్దు. ఒక్క ముక్కల చెప్పు."

"బయటి నుంచి సరుకు తెచ్చి, లోపల పంచుతాయి," అన్నాను.

"మరి లారీ దించుడు ఒక ఊర్ల, కౌంటర్ ఒక ఊర్ల ఉంటే దుకాణం నడుస్తదా?"

"నడవదు."

"ఈ మాట నువ్వు శనివారం ఎందుకు చెప్పలే?"

చెప్పాను. చెప్పింది నేనూ, దాన్ని బాగా చెప్పింది ఆయనా. కాని ఆ సమయంలో న్యాయం ముఖ్యం కాదనిపించి ఊరుకున్నాను. బాపు మోకాళ్ల మీద చేతులు ఊని లేచి, డాబా ఎక్కి, పంతులుకు ఫోన్ కలిపాడు. ఈసారి కూడా స్పీకరే.

"అయ్యగారు, దుకాణంల గల్లపెట్టె యాడుండాలె?"

"గదేం ప్రశ్న? నైరుతిల, ఉత్తరం మొకాన. నీ దుకాణంల గట్లనే పెట్టిస్తిమి కద."

"మరి గీ మోడెమ్ గల్లపెట్టె అయ్యగారు."

"ఏది?"

"మోడెమ్. బిడ్డ జీతం దాంట్లకెళ్లే వస్తది. రౌటర్ కౌంటర్. రెండు ఒక్కకాడ ఉండాలె. గల్లపెట్టెను వంటింట్ల పెట్టుకోని కౌంటర్‌ను బాత్రూంల పెట్టుకుంటడా ఎవడన్న?"

నేను సిగ్నల్ పోయిందేమోనని ట్యాంకుకు ఇంకొంచెం ఆనాను.

"ముందు నువ్వు గల్లపెట్టె అనలేదు," అన్నాడు పంతులు. "వేడెక్కుతది అన్నరు."

"సీజన్ల గల్లపెట్టె గూడ వేడెక్కుతది అయ్యగారు."

పంతులు నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "అయితే నైరుతినే. ఉత్తరం మొకం మాత్రం మర్వకు," అన్నాడు.

నైరుతి అంటే బాపు పడకగది. కేబుల్ అన్న మధ్యాహ్నం వచ్చి, స్ప్లిటర్ దగ్గర నుంచి కొత్త తీగ బయటి గోడ మీదుగా లాగి బాపు గది కిటికీలోంచి లోపలికి తెచ్చాడు. రెండు డబ్బాలూ స్టీలు బీరువా పక్కన బల్ల మీద, ఒకదానికొకటి జానెడు దూరంలో కూర్చున్నాయి. ఇంటి చుట్టూ తిరిగిన ఈథర్నెట్ తీగ పని మూరెడు ముక్కతో అయిపోయింది. "నేను మొదలే చెప్పిన గిట్ల పెట్టుమని," అన్నాడు కేబుల్ అన్న. ఆయన చెప్పిందేమిటో మా అందరికీ గుర్తుంది. అయినా వైరు ఆయన చేతిలో ఉంది కాబట్టి అందరం అవునన్నాం. మోడెమ్‌తో పాటు ఫోను కూడా బాపు గదిలోకి వలస పోయింది. తన ఫోను వంటింటి నుంచి పోయినందుకు అమ్మ అలిగి, పిన్నితో చెప్పుకుందామంటే ఫోను అక్కడ లేదని ఇంకొంచెం అలిగింది.

సాయంత్రం అక్క బాపు మంచం మీద, ఒళ్లో దిండు, దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గర కాపలా. వంటింట్లో మిక్సీని కట్టడి చేశాం, దాని జార్‌ను నేను నా దగ్గరే పెట్టుకున్నాను. కాల్ కలిసింది. మేడమ్ మాట్లాడింది, అక్క మాట్లాడింది. వీడియో ఎక్కడా తడబడలేదు. కొంచెం సేపయ్యాక మేడమ్ తెర దగ్గరికి వంగి, కళ్లు చిట్లించింది.

"మీ వెనకాల అద్దంలో ఎవరో ఉన్నారు," అంది.

మేం బీరువాకున్న నిలువుటద్దం సంగతి మర్చిపోయాం. అందులో బాపు కనిపిస్తున్నాడు. గోడ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని, రెండు చేతులతో గోడకున్న ప్లగ్గును అదిమి పట్టుకుని ఉన్నాడు. మెడ వంచి, ఊపిరి బిగపట్టి, తూకం వేసేటప్పుడు ముల్లు చూసినట్టు మోడెమ్ లైట్లను చూస్తున్నాడు.

"మా నాన్నగారండి," అంది అక్క.

"ఏం చేస్తున్నారు?"

అక్క ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసింది. "పవర్ పోకుండా చూస్తున్నారు," అంది.

మేడమ్‌కు ఏం అర్థమైందో తెలియదు. కాసేపు చూసి, పెదవి కొరుక్కుని, "బ్యాకప్ బాగానే ఉంది," అంది. "రేపటి నుంచి ఇంటి నుంచే లాగిన్ అవ్వండి. హైదరాబాద్ రావక్కర్లేదు."

కాల్ అయిపోయింది. అక్క ల్యాప్‌టాప్ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

"అయిపోయిందా బిడ్డా?" అన్నాడు బాపు కదలకుండా. "ఇడిసిపెట్టాల్నా?"

"జర సేపు ఉండు బాపూ," అంది అక్క. "మొకం కడుక్కోని వస్త."

ప్లగ్గుకు ఎవరి సాయమూ అక్కర్లేదు, గోడలో గట్టిగానే ఉంది. ఆ మాట చెప్దామని నోరు తెరిచాను. ఆయన దాన్ని రెండు చేతులతో ఇంకొంచెం గట్టిగా అదిమాడు. నేను మిక్సీ జార్ తీసుకుని వంటింట్లోకి పోయాను.